స్నాప్‌షాట్ ఉంటే సరిపోతుందా?

ప్రశ్న: మా కోచింగ్ సెంటర్ వెబ్‌సైట్, ఫీజుల డేటాబేస్ రెండూ అమెజాన్ క్లౌడ్ ముంబై రీజియన్‌లో (డేటా సెంటర్లున్న ప్రాంతం) ఒకే ఈసీ2 (అద్దె) సర్వర్ మీద నడుస్తున్నాయి. రోజూ రాత్రి ఒంటిగంటకు స్నాప్‌షాట్ (ఆ క్షణంలోని డిస్కు కాపీ) తీస్తున్నాం. సర్వర్ 99.99 శాతం సమయం నడుస్తుందని హామీ ఉందంటున్నారు. ఇంకేమైనా చేయాలా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చేయాలండీ. ఆ 99.99 శాతం రెండు, అంతకన్నా ఎక్కువ అవైలబిలిటీ జోన్లలో (ఒక రీజియన్‌లోనే విడివిడిగా ఉండే డేటా సెంటర్ల గుంపులు) సర్వర్లు పెట్టుకున్నవాళ్లకు. ఒంటరి సర్వర్‌కు ఇచ్చే హామీ 99.5 శాతమే. అంటే 30 రోజుల నెలలో 3 గంటల 36 నిమిషాలు ఆగినా వాళ్లు మాట తప్పినట్టు కాదు. అది దాటినా దక్కేది బిల్లులో క్రెడిట్, అదీ మీరు అడిగితేనే. పోయిన డేటాకు పరిహారం రాదు.

మీ సర్వర్‌కు తగిలించిన ఈబీఎస్ డిస్కు ఒక జోన్‌కే పరిమితం. స్నాప్‌షాట్ రీజియన్ అంతటికీ పనికొస్తుంది కాబట్టి, జోన్ పడిపోతే పక్క జోన్‌లో దాంతో కొత్త డిస్కు చేసుకోవచ్చు. మొత్తం రీజియన్‌కే ఇబ్బంది వస్తే ఆ దారీ మూసుకుపోతుంది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అక్కడే ఉంచుకున్నవాళ్లకు రెండూ పోయాయి. 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లోనూ అమెజాన్ రీజియన్ ఉంది. ఖాతాలో దాన్ని ఇప్పుడే ఎనేబుల్ చేసి, రోజూ ఒక కాపీ అక్కడికి చేరేలా షెడ్యూల్ పెట్టండి.

అసలు భయం ఫీజుల డేటాబేస్ గురించే. సాయంత్రం 6కి డిస్కు పోతే 17 గంటల రసీదులు పోతాయి; అడ్మిషన్ల రోజుల్లో అది చిన్న నష్టం కాదు. పైగా నడుస్తున్న సర్వర్ స్నాప్‌షాట్ అంటే కరెంటు పోయిన క్షణంలో డిస్కు ఎలా ఉంటుందో అలాంటిది, రాస్తున్న వివరాలు సగంలో ఆగి ఉండొచ్చు. మీ డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే గంటకోసారి డంప్ (డేటా మొత్తాన్ని ఫైలుగా రాసిన కాపీ) తీసి (దాని సాధారణ టేబుల్ రకమైన ఇన్నోడీబీకి సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ తప్పనిసరి) హైదరాబాద్‌లోని ఎస్3 బకెట్‌లోకి (అమెజాన్ ఫైల్ నిల్వ) పంపండి.

మూడు నెలలకోసారి అక్కడ సర్వర్ నిజంగా లేపి చూడండి. ఇబ్బంది వచ్చేది చిన్న విషయాల దగ్గరే: కీ పెయిర్ (సర్వర్‌లోకి లాగిన్ అయ్యే తాళం), సెక్యూరిటీ గ్రూపు (ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే నియమాలు) రీజియన్ దాటి రావు. ఎలాస్టిక్ ఐపీ (సర్వర్‌కు కేటాయించుకున్న మారని ఐపీ అడ్రస్) కూడా రాదు. పేమెంట్ గేట్‌వేలో పాత ఐపీకే అనుమతి ఉంటే ఫీజు కట్టడం కుదరదు. స్నాప్‌షాట్ నుంచి చేసిన డిస్కు మొదట్లో నెమ్మదిగా నడుస్తుంది, బ్లాకులు అప్పటికప్పుడు ఎస్3 నుంచి రావాలి కనుక. డీఎన్ఎస్ టీటీఎల్ (వెబ్‌సైట్ పేరుకున్న పాత ఐపీని ఇతరులు గుర్తుంచుకునే సమయం) ముందే 300 సెకన్లకు తగ్గించి ఉంచండి.

ప్రశ్న: సర్వర్ పలకకపోతే రీబూట్ చేస్తున్నాం. ఒక్కోసారి ఫలితం ఉండట్లేదు. ఎందుకు?
- మరో పాఠకురాలు, వరంగల్

జవాబు: ఈసీ2లో రీబూట్ చేస్తే సర్వర్ అదే భౌతిక యంత్రం మీద ఉంటుంది. ముందు అమెజాన్ కన్సోల్‌లో స్టేటస్ చెక్ (సర్వర్ ఆరోగ్య పరీక్షల ఫలితం) చూడండి. సిస్టమ్ చెక్ ఫెయిలైతే లోపం ఆ యంత్రానిది. స్టాప్ చేసి మళ్లీ స్టార్ట్ చేస్తే సాధారణంగా వేరే యంత్రం మీదికి వెళ్తుంది. ఇన్‌స్టెన్స్ స్టోర్‌లో (ఆ యంత్రంలోనే ఉండే తాత్కాలిక డిస్కు) ఉన్నదంతా మాత్రం పోతుంది, ఎలాస్టిక్ ఐపీ లేకపోతే పబ్లిక్ ఐపీ మారుతుంది. ఇన్‌స్టెన్స్ (మీ సర్వర్) చెక్ మాత్రమే ఫెయిలైతే లోపం ఎక్కువగా మీ వైపే: డిస్కు నిండిందా, మెమరీ అయిపోయిందా అన్నది సిస్టమ్ లాగ్‌లో చూడండి.