సెకండ్ హ్యాండ్ ట్రయల్స్ బండి కొనేముందు సంప్ గార్డ్ విప్పించి చూడండి

బెంగళూరులో ఉంటున్నాను, ట్రయల్స్ రైడింగ్ కొత్తగా నేర్చుకోవాలి, సెకండ్ హ్యాండ్‌లో 300 సీసీ టూ స్ట్రోక్ దిగుమతి బండి ఒకటి అమ్మకానికి ఉంది, తీసుకోవచ్చా అని మీరు అడిగారు. నేనైతే వద్దంటాను. మొదటి బండికి 300 సీసీ ఎక్కువ. పైగా మీరు మోడల్, ఏడాది, కొత్త స్టిక్కర్ల గురించి రాశారు గానీ క్లచ్ ఎలా ఉందో, బేరింగులు ఎలా ఉన్నాయో రాయలేదు. నేనూ నా మొదటి బండిని అలాగే చూసి కొన్నాను. అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను.

ట్రయల్స్‌లో వేగంతో పని లేదు. రాళ్ల మీదుగా, దుంగల మీదుగా గుర్తులు పెట్టిన దారిలో కాలు కింద పెట్టకుండా దాటాలి. ఒకసారి కాలు ఆనితే 1 పాయింటు, రెండుసార్లయితే 2, అంతకు మించితే 3. దాటలేకపోతే 5. తక్కువ పాయింట్లు వచ్చినవాళ్లు గెలుస్తారు. మొదటి ఏడాదంతా మీరు చేసేది ఒక వేలు క్లచ్ మీద, ఒక వేలు బ్రేక్ మీద పెట్టి, మనిషి నడిచే వేగంకన్నా మెల్లగా బండిని తిప్పడమే. అలాంటప్పుడు 300లో మణికట్టు కాస్త ఎక్కువ తిరిగిందా, ముందు చక్రం లేచిపోతుంది, భయంతో థ్రాటిల్ ఇంకా గట్టిగా పట్టుకుంటాం. 250 అయితే మెత్తగా లాగుతుంది. మీరు సన్నగా, తేలికగా ఉంటే 125 కూడా చాలు. ఫోర్ స్ట్రోక్ కావాలంటే మోంటెసా కంపెనీ కోటా 4ఆర్‌టీ ఉంది, పెట్రోల్లో ఆయిల్ కలిపే పని ఉండదు. 2007 నుంచి వరుసగా ప్రపంచ ట్రయల్ టైటిళ్లు గెలుస్తూ వచ్చిన టోనీ బౌ నడిపేది మోంటెసానే. అయితే మొదటి బండి విషయంలో కంపెనీ పేరుకన్నా ఆ ఒక్క బండి ఎలా ఉందన్నదే ముఖ్యం.

2021లో నేను కొన్నది 280 సీసీ టూ స్ట్రోక్. వేరే ఊరు నుంచి తెప్పించుకున్నాను. నేనే వెళ్లి చూశాను కూడా. ప్లాస్టిక్ భాగాలు తళతళలాడుతున్నాయి, ఒక్క కిక్‌కే స్టార్ట్ అయింది. ఇంజన్ కింద ఉండే అల్యూమినియం పలక, అదే సంప్ గార్డ్, విప్పి చూద్దామా అంటే ఇప్పుడే సర్వీస్ చేయించాను, అవసరం లేదు అన్నాడు అమ్మేవాడు. నాలుగంటే నాలుగు బోల్టులు. మొహమాటపడి ఊరుకున్నాను. రెండో ఆదివారం ప్రాక్టీస్ అయ్యాక బండి నిలబెట్టిన చోట రూపాయి బిళ్లంత నూనె మరక కనిపించింది. గార్డ్ విప్పితే గేర్‌బాక్స్ కేసింగ్ మీద వేలెడంత పగులు, దాని మీద ఎం-సీల్ పూసి, పైన వెండి రంగు వేసి ఉంది. కేసింగ్ ఇక్కడ దొరకలేదు. విదేశం నుంచి తెప్పించి, కస్టమ్స్ కట్టి, బిగించేసరికి ఐదు నెలలు పట్టింది. నేర్చుకోవాలన్న ఊపంతా ఆ ఐదు నెలల్లోనే పోయింది. డబ్బు పోయినదానికన్నా ఆదివారాలు పోయినందుకే నాకు ఇప్పటికీ బాధ.

అందుకే చెబుతున్నాను, మొదట గార్డ్ విప్పించండి. విప్పనివ్వకపోతే వెనక్కి వచ్చేయండి. ట్రయల్స్ బండి అడుగు రాయికి తగలడం మామూలే, గార్డ్ మీద సొట్టలు ఉంటే కంగారు వద్దు. గార్డ్ వెనకాల కేసింగ్ మీద, ఫ్రేమ్ గొట్టాల మీద, ఫుట్‌పెగ్‌లు అతికిన చోట పగులు గానీ కొత్త వెల్డింగ్ గానీ కొత్త పెయింట్ గానీ ఉందా చూడండి.

తర్వాత క్లచ్. ఈ ఆటలో అన్నిటికన్నా ఎక్కువ అరిగేది అదే. ఇంజన్ వేడెక్కాక ముందు చక్రాన్ని గోడకు ఆనించి, ఫస్ట్ గేర్‌లో పెట్టి, కొద్దిగా థ్రాటిల్ ఇస్తూ క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ ఆగిపోతే క్లచ్ పట్టుకుంటున్నట్టు. ఇంజన్ ఆగకుండా అరుస్తూనే ఉంటే ప్లేట్లు అయిపోయినట్టు. ఆ తర్వాత బండిని గోడ నుంచి వెనక్కి జరిపి, ఇంజన్ నడుస్తుండగా క్లచ్ పూర్తిగా నొక్కి ఫస్ట్ గేర్‌లో ఉంచండి. బండి తనంతట ముందుకు ఈడ్చుకుపోతుంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదని, అది ఇంకో జబ్బు. వీటిలో చాలావరకు హైడ్రాలిక్ క్లచ్, లీవర్ దగ్గర చెమ్మ ఉందేమో కూడా చూడండి.

వెనక చక్రాన్ని గాల్లో ఉంచి రెండు చేతులతో పైకి కిందకి లాగండి. సస్పెన్షన్ కదలకముందే టక్ టక్ మని ఆడితే వెనక సస్పెన్షన్‌ను చక్రం వైపు కలిపే లింకేజ్ బేరింగులు పోయినట్టు. బురద కడగడానికి ప్రెషర్ వాష్ కొట్టే బండ్లకు ఇది తప్పదు. ముందు చక్రం కూడా ఎత్తి హ్యాండిల్ ఇటు నుంచి అటు పూర్తిగా తిప్పండి, సరిగ్గా మధ్యలో గాడిలో పడినట్టు ఆగితే స్టీరింగ్ బేరింగులు మార్చాలి. ఫోర్క్ గొట్టాల మీద గోరుతో గీయండి, గోరు తట్టుకుంటే అక్కడ ఆయిల్ సీల్ నిలవదు. టైర్ల సంగతి తేలిక. ట్రయల్స్ టైరు రబ్బరు మెత్తగా ఉండాలి. బొటనవేలి గోరు దిగకపోతే గట్టిపడిందని అర్థం, ఆ మేరకు ధర తగ్గించమనండి.

పెట్రోల్లో ఆయిల్ ఏ పాళ్లలో కలుపుతున్నారని అడగండి. జవాబు టక్కున రావాలి, ఆ బండి మాన్యువల్‌లో ఉన్నదానికి దగ్గరగా ఉండాలి. తడుముకున్నాడంటే ఆయిల్ సరిగా పడక పిస్టన్ దెబ్బతిందేమో ఆలోచించుకోండి. బండి ఎన్నాళ్లుగా నడపలేదో కూడా అడగండి. మనకు దొరికే ఇథనాల్ కలిపిన పెట్రోలు తేమ పీల్చుకుంటుంది, నెలల తరబడి కార్బొరేటర్‌లో ఉండిపోతే శుభ్రం చేయక తప్పదు.

ఇక కాగితాలు. ఇలాంటి దిగుమతి బండికి మామూలు బండికి ఉన్నట్టు ఆర్‌సీ ఉండదు, నంబర్ ప్లేటు ఉండదు, రోడ్డెక్కకూడదు. బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ దగ్గర దాఖలు చేసిన దిగుమతి పత్రం), ఇన్‌వాయిస్ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. బండిని బెంగళూరు నుంచి మేం ప్రాక్టీస్ చేసే హోస్కోటె అవతలికి ప్రతి వారం టాటా ఏస్‌లో తీసుకెళ్లగలరా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఆ ఖర్చు, శ్రమ వల్లే మానేసినవాళ్లను చూశాను.

అందుకే చాలామంది కొత్తవాళ్లకు నేను చెప్పేది పాత హీరో ఎక్స్‌పల్స్ 200. 2019లో వచ్చిన బండి, ముందు 21 అంగుళాల చక్రం, 220 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్, ఏ వీధిలోనైనా విడిభాగాలు దొరుకుతాయి. విడిభాగాల దుకాణాలుండే జేసీ రోడ్డులో అరగంట తిరిగితే క్లచ్ ప్లేట్లు చేతిలో ఉంటాయి. దాని మీదే ప్రాక్టీస్‌కు వెళ్లి దాని మీదే ఇంటికి రావచ్చు. లోటు కూడా చెప్పాలి. ట్రయల్స్ బండి 70 కిలోల చుట్టూ ఉంటుంది, ఇది 150 దాటుతుంది. పెద్ద బండల మీదికి ఎక్కించలేరు. ట్రయల్స్ బండికి వెనక టైరులో 5 పీఎస్ఐకి దించినట్టు దీనికి గాలి దించితే ట్యూబు నలిగి పంక్చర్ అవుతుంది. కానీ హ్యాండిల్ పూర్తిగా మలిచి గుండ్రంగా తిప్పడం, కాలు దించకుండా ఆగి నిలబడటం, క్లచ్‌తోనే వేగం పట్టుకోవడం, ఇవన్నీ దీని మీద వస్తాయి. నా బండి కేసింగ్ కోసం ఎదురుచూసిన ఐదు నెలల్లో స్నేహితుడి ఎక్స్‌పల్స్ మీద నేర్చుకున్నదే నాకు తర్వాత పనికొచ్చింది. దాన్ని వేరే రాష్ట్రం నుంచి కొంటే ఎన్‌ఓసీ, ఇక్కడి రోడ్ ట్యాక్స్ లెక్క కూడా వేసుకోండి. బ్యాంకు లోను తీరిందా అన్నది ఆర్‌సీలోనే చూడండి.

మేం ప్రాక్టీస్ చేసేది మాలూరు వైపు ఒక రైతు బీడు నేలలో, ఆయన అనుమతితో. కోలారు సీమ తెలుగు ఆయనది. మొదటి రోజు మమ్మల్ని కాసేపు చూసి, "రాయి మీద పడితే రాయికేం కాదప్పా, కాలు చూసుకోండి" అన్నాడు. ఆ మాటకు మరుసటి వారమే మంచి బూట్లు కొన్నాను. బండి బడ్జెట్‌లోంచి బూట్లకు, మోకాలి గార్డులకు, హెల్మెట్‌కు ముందే తీసి పక్కన పెట్టండి. పడిపోతే ఇంజన్ ఆపేసే, మణికట్టుకు కట్టుకునే కిల్ స్విచ్ తాడు బండికి లేకపోతే మొదటి రోజే వేయించండి.

ఇంత చెప్పినా ఆ 300 చూడాలనే ఉంటే వెళ్లండి, చూడటం వల్ల నేర్చుకుంటారు. ముందురోజు ఫోన్ చేసి నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే ఇంజన్ మీద అరచెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే మాట తప్పినట్టే. స్పానర్ సెట్టు, ఆలెన్ కీలు, చిన్న టార్చి, ఒక పాత తెల్ల గుడ్డ తీసుకెళ్లండి. గార్డ్ విప్పి ఆ గుడ్డతో కేసింగ్ అడుగు తుడవండి. పది నిమిషాలు ఇంజన్ నడిపాక మళ్లీ తుడవండి. ఆ రెండోసారి తుడిచిన గుడ్డ ఫోటో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.