తాళాలు ఇచ్చే ముందు

చి. ల. సౌ. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

ఉప్పల్ ఇంటి పై పోర్షన్ అద్దెకిస్తున్నావని, కాగితాలన్నీ నువ్వే చూసుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగా అనిపించింది. మూడేళ్ళకు అగ్రిమెంటు రాసుకుంటున్నారని కూడా చెప్పేసరికి ఉండబట్టలేక ఈ ఉత్తరం.

చిన్నవి ముందు. అద్దెకొచ్చేవాళ్ళ ఆధార్ నకలు, సొంతూరి చిరునామా తీసుకో. ఇల్లు అప్పగించే రోజు కరెంటు మీటరు ఫొటో తీసి, ఫ్యాన్లు, గీజరు, తాళంచెవులు ఎన్నో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. అడ్వాన్సు బ్యాంకు ద్వారానే. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకీ, బాకీ బిల్లులకీ అందులోంచి ఎంత పట్టుకుంటావో ముందే రాయించు.

ఇక ఆ మూడేళ్ళ సంగతి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద మూడేళ్ళని రాసి, నోటరీ ముద్ర వేయించి, పనైపోయిందనుకోవడం ఇంటివాళ్ళు తరాలుగా చేస్తున్న తప్పు. ఏడాదికి మించిన లీజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు కావాల్సిందే. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షనూ, 1882 ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షనూ అదే చెప్తాయి. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదమ్మా! రిజిస్టరు కాని కాగితం పట్టుకుని కోర్టుకెళ్తే, వాళ్ళు నీ ఇంట్లో అద్దెకున్నారన్నంతవరకే దాన్ని చూస్తారు. ఏటా పది శాతం పెంపు, లాకిన్ షరతు (ఇంతకాలం ఖాళీ చేయకూడదన్న కట్టుబాటు), మూడేళ్ళ గడువు, నువ్వు బేరమాడి రాయించుకున్నవేవీ నిలవవు. మిగిలేది నెలవారీ అద్దె. పదిహేను రోజుల నోటీసుతో ఇద్దరిలో ఎవరైనా దాన్ని ముగించేయవచ్చు. పైగా స్టాంపు డ్యూటీ తక్కువ పడిందని తేలితే ఆ లోటు కట్టాలి, దానికి పదిరెట్ల దాకా జరిమానా కూడా పడవచ్చు. డ్యూటీ అద్దె మొత్తాన్ని, గడువుని బట్టి ఉంటుంది. వంద కాగితం అందరికీ సరిపోతుందన్నది బజారు మాట.

మూడేళ్ళు నిజంగా కావాలంటే డ్యూటీ కట్టి రిజిస్టరు చేయించు. ఖర్చనిపిస్తే 11 నెలలకే రాయి, కాకపోతే మన రాష్ట్రంలో ఏడాదిలోపు లీజు కాగితానికీ రిజిస్ట్రేషన్ కావాలేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే కనుక్కో. కానీ గడువు తీరాక కొత్త కాగితం లేకుండా అద్దె తీసుకుంటూ పోయావా, ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ ప్రకారం అదీ నెలవారీలోకే జారుతుంది. పదో నెలలోనే కొత్తది రాయించడం మొదలుపెట్టు. "దానంతటదే మూడేళ్ళు పొడిగింపు" అని ఇరికించే తెలివి మాత్రం వద్దు, అది ఏడాదికి మించిన లీజేనన్న వాదనకు దారిస్తుంది.

నా భయమల్లా నీ మొహమాటం గురించే. ఖాళీ చేయమని నోటీసిస్తావు, గడువు దాటుతుంది, వాళ్ళు కదలరు. ఆ నెల అద్దె ఫోన్‌పేలో నీ ఖాతాలో పడుతుంది, నువ్వు ఊరుకుంటావు. అలా మామూలుగా తీసుకుంటే నోటీసు వదులుకున్నట్టేనని అదే చట్టం 113వ సెక్షన్ చూపిస్తారు. డబ్బు పడిన రోజే "నోటీసు అలాగే ఉంది, దీన్ని ఇల్లు వాడుకున్నందుకు పరిహారంగానే జమ చేసుకుంటున్నాను" అని రాసి పంపు. కోపమొచ్చి తాళం వేయడం, నీళ్ళు కట్టేయడం చేశావంటే కేసు నీ మీదికే తిరుగుతుంది.

ఆ శ్లాబుకి ఎర్రటి ఎండలో మీ నాన్న పూటపూటా తనే నీళ్ళు పట్టాడు. ఆ ఇల్లు వివాదంలో పడితే నీకు నిద్ర పట్టదు, నాకూ పట్టదు.

సంతకం పెట్టకముందే డ్రాఫ్టు నాకు వాట్సాప్ చెయ్యి. తొందరపెట్టి సామాను దింపుతామన్నా సరే, కాగితం మీద ఇద్దరి సంతకాలూ పడేదాకా తాళాలు ఇవ్వకు.

ఇట్లు,
మీ పెదనాన్న