ఫైల్ మీద 'కాన్ఫిడెన్షియల్' అని ఉంటే ఆర్టీఐలో ఇవ్వరా?

ప్రశ్న: ఒక ప్రభుత్వ శాఖ ఇచ్చిన కాంట్రాక్ట్ ఫైల్ కాపీలు కావాలని ఆర్టీఐ పెట్టాను. "ఇది కాన్ఫిడెన్షియల్ ఫైల్, అధికార రహస్యాల చట్టం ప్రకారం ఇవ్వలేము" అని ఒక్క లైన్ జవాబు వచ్చింది. ఇక వదిలేయాల్సిందేనా?

జవాబు: అస్సలు వదిలేయకండి. ఫైల్ అట్ట మీద ముద్ర కొట్టినంత మాత్రాన అది చట్టం దృష్టిలో రహస్యం అయిపోదు. ఆ అధికార రహస్యాల చట్టం 1923 నాటిది, బ్రిటిష్ వాళ్లు పెట్టింది, 2005 ఆర్టీఐ చట్టం సెక్షన్ 22 ఏం చెప్తోందంటే ఆ పాత చట్టంలో ఏమున్నా సరే దీనిదే పైచేయి అని. ఇవ్వకూడదంటే సెక్షన్ 8 లోనో 9 లోనో ఉన్న కారణం చూపించాలి, దేశ భద్రత, నడుస్తున్న దర్యాప్తుకి ఆటంకం, కంపెనీల వ్యాపార రహస్యాలు లాంటివి. మీకొచ్చిన లెటర్‌లో అసలు సెక్షన్ నంబరే లేదు, అప్పీల్ ఎవరికి చేసుకోవాలో రాశారా చూడండి, అది కూడా రాసి తీరాలి.

ఇంకోటి, కాంట్రాక్టర్ వ్యాపార రహస్యం ఒకట్రెండు పేజీల్లో నిజంగానే ఉందనుకోండి, ఆ భాగం తీసేసి మిగతాది ఇమ్మని సెక్షన్ 10 కింద అడగొచ్చు. మినహాయింపు వర్తించినా సరే, జరిగే నష్టం కన్నా ప్రజా ప్రయోజనం ఎక్కువుంటే ఇవ్వొచ్చని సెక్షన్ 8(2) ఉంది. ప్రజల డబ్బు ఎవరికి, ఏ రేటుకి, ఎందుకు ఇచ్చారో తెలియకపోతే ఓటేసేవాడు ఎవర్ని నిలదీస్తాడండీ? 1975లో రాజ్ నారాయణ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే, బాధ్యత గల ప్రభుత్వంలో రహస్యాలు కొన్నే ఉండాలని, అదీ ప్రధాని పర్యటనల సెక్యూరిటీ రూల్స్ ఉన్న డాక్యుమెంట్ గురించి వచ్చిన కేసులో.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఫస్ట్ అప్పీల్, అదే శాఖలో పై అధికారికి, జవాబు అందిన 30 రోజుల్లోపు. అందులో సెక్షన్ 19(5) తప్పకుండా రాయండి, ఎందుకు ఇవ్వట్లేదో నిరూపించుకోవాల్సింది అధికారే, మీరు కాదు. అక్కడా కాదంటే 90 రోజుల్లో ఇన్ఫర్మేషన్ కమిషన్‌కి సెకండ్ అప్పీల్, సరైన కారణం లేకుండా ఆపారని తేలితే రోజుకి 250 చొప్పున 25,000 రూపాయల దాకా ఆ అధికారికి జరిమానా పడొచ్చు. లెటర్ వచ్చిన కవర్ మాత్రం పారేయకండి, 30 రోజుల లెక్క మీకు అందిన తేదీ నుంచే, దాని మీద పోస్టు ముద్ర ఉంటుంది.