మేనరికం, బ్లడ్ గ్రూపు, బంగినపల్లి టెంక: వంశపారంపర్యంపై మీ ప్రశ్నలు

ప్రశ్న: మా అన్నయ్య కొడుక్కి మా అమ్మాయిని ఇద్దామనుకుంటున్నాం. అబ్బాయిది బి, అమ్మాయిది ఓ. బ్లడ్ గ్రూపులు కలవలేదు కాబట్టి పుట్టే పిల్లలకు భయం లేదంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: కాదండీ. ఈ మాట ఎవరు మొదలుపెట్టారో గానీ మేనరికాల ఇళ్లలో పాతుకుపోయింది. బ్లడ్ గ్రూపు ఏదో తేల్చేది తొమ్మిదో క్రోమోజోమ్ మీదున్న ఒకే ఒక్క జన్యువు. మనలో జన్యువులు దాదాపు 20 వేలు. ఆ ఒక్కటి వేరైతే మిగతావాటి సంగతి ఏమీ తెలిసినట్టు కాదు.

మీరూ మీ అన్నయ్యా సగటున సగం జన్యువులు పంచుకుని పుట్టారు. మీ ఇద్దరి పిల్లల మధ్య ఆ వాటా ఎనిమిదో వంతు. మేనమామనే చేసుకుంటే నాలుగో వంతు. ప్రతి జన్యువూ మనలో జంటగా ఉంటుంది, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. చాలా జబ్బుల్లో ఒక కాపీ చెడినా రెండోది పని నెట్టుకొస్తుంది కాబట్టి మనిషికి ఏ ఇబ్బందీ ఉండదు. ఒకే తాతగారి నుంచి అదే చెడ్డ కాపీ ఇద్దరికీ వచ్చి, ఇద్దరూ దాన్నే బిడ్డకు ఇస్తేనే జబ్బు బయటపడుతుంది. బయటి సంబంధాల్లో పుట్టుకతో వచ్చే పెద్ద లోపాలు నూటికి రెండు మూడైతే, బావామరదళ్ల పెళ్లిలో దానికి మరో రెండు మూడు కలుస్తాయి. అంటే ఎక్కువమంది పిల్లలు బాగానే పుడతారు. ‘మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు’ అనేవాళ్లు అబద్ధమాడటం లేదు. కాకపోతే తరతరాలుగా మేనరికాలే అయిన ఇంట్లో పంచుకున్న వాటా ఎనిమిదో వంతు దగ్గర ఆగదు.

ముహూర్తం పెట్టకముందే మూడు తరాల వంశవృక్షం కాగితం మీద గీయండి. పుట్టుచెవుడు, పసితనంలో పోయిన పిల్లలు, పదేపదే గర్భస్రావాలు, తరచూ రక్తం ఎక్కించుకున్నవాళ్లు, ఆపరేషన్ తర్వాత మత్తు నుంచి తేరుకోవడానికి గంటలు పట్టినవాళ్లు... ఎవరున్నా గుర్తు పెట్టండి. ఆఖరిది వింతగా అనిపించవచ్చు. వైశ్య కుటుంబాల్లో బ్యూటైరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం ఎక్కువగా కనిపిస్తుంది. ఆ లోపం ఉన్నవాళ్లకు ఆపరేషన్ కోసం కండరాలను సడలించే మందు సక్సినైల్‌కోలిన్ ఇస్తే నిమిషాల్లో తేరుకోవాల్సిన కండరాలు గంటల తరబడి కదలవు. ముందే చెబితే మత్తు డాక్టరు వేరే మందు వాడతారు. ఆ కాగితం పట్టుకుని జెనెటిక్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి. నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది.

ప్రశ్న: మా ఇద్దరికీ తలసేమియా మైనర్. బాబుకు మేజర్. నలుగురిలో ఒకరికి వస్తుందన్నారు. ఒకరికి వచ్చేసింది కదా, ఇక రెండో బిడ్డకు రానట్టేనా?
– ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: అలా లెక్క కట్టకండి. తలసేమియా అంటే రక్తంలో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని వంశపారంపర్య జబ్బు. ఒక కాపీ మాత్రమే చెడినవాళ్లు మైనర్, అంటే వాహకులు. రెండు కాపీలూ చెడితే మేజర్, అంటే జబ్బు. నాలుగింట ఒకటన్నది ప్రతి గర్భానికీ విడిగా వర్తించే లెక్క. నాణెం నిన్న బొమ్మ పడిందని ఇవాళ బొరుసే పడాలని లేదు కదా. ప్రతిసారీ జబ్బుకు 25 శాతం, మీలాగే మైనర్ కావడానికి 50, ఏమీ లేకుండా పుట్టడానికి 25.

గర్భం వచ్చాక పరుగులు పెట్టొద్దు. హిమోగ్లోబిన్ తయారీకి కావాల్సిన బీటా గ్లోబిన్ జన్యువులో మీ ఇద్దరికీ ఏ మార్పు ఉందో డీఎన్‌ఏ పరీక్షతో ఇప్పుడే తేల్చుకోండి. అది చేతిలో ఉంటేనే 11–13 వారాల మధ్య మాయ నుంచి కొద్దిగా కణజాలం తీసి బిడ్డ సంగతి సకాలంలో చెప్పగలరు. ఆ వారాలు దాటిపోతే 16 వారాలప్పుడు ఉమ్మనీటి పరీక్ష ఉంటుంది.

మీ ఇద్దరి తోబుట్టువులకూ పెళ్లికి ముందే పరీక్ష చేయించండి. సీబీపీ అనే మామూలు రక్తపరీక్షలో ఎంసీవీ (ఎర్రకణం సైజు) 80 కన్నా, ఎంసీహెచ్ (ఒక్కో కణంలోని హిమోగ్లోబిన్) 27 కన్నా తక్కువుంటే, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే పరీక్ష హెచ్‌పీఎల్‌సీ అడగాలి. అందులో హెచ్‌బీ ఏ2 అనే హిమోగ్లోబిన్ రకం 3.5 శాతం దాటితే సాధారణంగా వాహకులే. పొరపాటు జరిగేది ఇక్కడే: ఎంసీవీ తక్కువని చూసి రక్తహీనత అనుకుని నెలల తరబడి ఐరన్ మాత్రలు మింగిస్తారు. దీనికి తిరగబడిన పొరపాటూ ఉంది. నిజంగా ఐరన్ లోపం ఉంటే ఏ2 తగ్గి, వాహకులు కూడా మామూలుగా కనబడొచ్చు. ఒంట్లో ఐరన్ నిల్వ తెలిపే ఫెర్రిటిన్ చూసి, లోపం సరిచేసి, మళ్లీ పరీక్షించాలి. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్లు మూడు నెలలు ఆగాలి.

ప్రశ్న: మా ఇద్దరిదీ బి పాజిటివ్. పాపది ఓ నెగెటివ్. ఇదెలా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: మీ ఇద్దరిలోనూ బి వెనక ఓ, పాజిటివ్ వెనక నెగెటివ్ దాగి ఉన్నాయి, అంతే. ఇద్దరి నుంచీ ఓ రావడానికి నాలుగో వంతు, ఇద్దరి నుంచీ నెగెటివ్ రావడానికి నాలుగో వంతు అవకాశం. రెండూ వేర్వేరు క్రోమోజోముల మీద ఉంటాయి కాబట్టి నాలుగో వంతును నాలుగో వంతుతో గుణించాలి: పదహారింట ఒకటి. అనుమానించాల్సిందేమీ లేదు.

ప్రశ్న: మిద్దె తోటలో హైబ్రిడ్ టమాటా విత్తనం దాచి మళ్లీ వేస్తే కాయలు రకరకాలుగా వచ్చాయి. బంగినపల్లి టెంక నాటినా ఇంతేనా?
– ఒక పాఠకుడు, నాగోల్

జవాబు: ఇంతే. హైబ్రిడ్ అంటే రెండు శుద్ధ రకాల తొలి తరం, అందుకే మొక్కలన్నీ ఒకేలా ఉంటాయి. దాగిన లక్షణాలు రెండో తరంలో విడిపోయి బయటికొస్తాయి. మెండెల్ 1866లో అచ్చువేసిన బఠాణీ లెక్కల్లో ఉన్నది ఇదే: గుండ్రటి గింజలు 5,474, ముడతలవి 1,850. సుమారు మూడుకు ఒకటి. దాచుకోవాలంటే నాటు టమాటా విత్తనం దాచండి.

బంగినపల్లి సంగతి ఇంకా కష్టం. ఆ టెంకలోని మొక్కకు తల్లి ఎవరో తెలుసు, పుప్పొడి ఏ చెట్టుదో తెలియదు. ఆరేడేళ్లు పెంచాక పుల్లటి పీచు కాయ రావచ్చు. నర్సరీ నుంచి అంటు మొక్కే తెచ్చుకోండి. నాటేటప్పుడు అంటు కట్టిన చోటు మట్టిలో కూరుకుపోకూడదు. దాని కింద నుంచి చిగుళ్లు వస్తే వెంటనే గిల్లేయండి. వదిలేస్తే పైన ఉన్న బంగినపల్లి ఎండిపోయి, కింది నాటు మొక్కే చెట్టయి కూర్చుంటుంది.