పక్కింటి మోటరు, నా వంటింట్లో కారం డబ్బా

బిడ్డా, వందనాలు. నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. హన్మకొండ బస్టాండులో అరగంట నిలబడితే తీరా కరీంనగర్ బస్సు వచ్చాక ఎవరో కిటికీలోంచి ఖర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నారని, ఒళ్లు మండిందని రాశావు. ఇలాంటి వాటిలో కృప ఎక్కడుంది పెద్దమ్మా అని అడిగావు. నాకు ఎక్కడ కనబడిందో చెప్తాను.

మా గల్లీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. పోయిన నెల ఒకరోజు పొద్దున బిందె పెడితే నీళ్లు దారంలాగా పడుతున్నాయి. పక్కింటామె నల్లాకే మోటరు బిగించి లాగుతున్నది, ఆ చప్పుడు నా వంటింట్లోకే వినబడుతున్నది. అడగాల్సిన మాటలన్నీ నోట్లో కూర్చుకుంటూ స్టవ్ బంద్ చేయబోతే గట్టు మీద కారం డబ్బా కనబడింది. ఆ కారం ఆమె ఇచ్చిందే. ఎండాకాలం మొదట్లో ఆమె ఏడాది కారానికని వాకిట్లో మిరపకాయలు ఆరబోసింది, నేను మా ట్యాంకుకు మోటరు వేసి మరిచిపోయి ప్రార్థన కూడికకు పోయాను, నీళ్లు పొంగి గోడ అవతల ఆ కాయల మీదే పడ్డాయి. నేను వచ్చేసరికి ఆమె ఒక్కొక్క కాయను పాత చీర ముక్కతో తుడుస్తూ కూర్చుంది. ఎంత తుడిచినా చాలా కాయలు తెల్లబడి తాలు అయ్యాయి. పైసలిస్తానంటే వద్దన్నది. ఉన్నవాటిని గిర్నీలో పట్టించాక నాకే ఒక డబ్బా పంపింది.

బిందె సగం కూడా నిండలేదని నేను కొట్లాటకు పోతున్నది ఆ మనిషితోనే.

బైబిల్లో మత్తయి సువార్త 18లో, రాజు దగ్గర పదివేల తలాంతుల (తలాంతు అంటే అప్పటి పెద్ద డబ్బు లెక్క) అప్పు మాఫీ అయినవాడి కథ నీకు తెలుసు. వాడు బయటికి వచ్చి, తనకు నూరు దేనారాలు ఇవ్వాల్సిన తోటివాడి గొంతు పట్టుకున్నాడు. దేనారం అంటే ఒక రోజు కూలి. నూరు రోజుల కూలి చిన్న మొత్తం కాదు బిడ్డా, 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చినప్పుడు ఇంటికి ఏడాదికి ఇస్తామన్నది కూడా నూరు రోజుల పనే. కాబట్టి నీ కోపం ఉత్తదని నేను అనను, ఆ సీటు నిజంగా నీకు దక్కాల్సిందే. కానీ తలాంతుకు సుమారు 6,000 దేనారాలు, అంటే వాడికి మాఫీ అయింది ఆరు కోట్ల రోజుల కూలి. ఎన్ని తరాలు పని చేసినా తీరేది కాదు.

చిరాకు లేచినప్పుడు నేను చేసేది చెప్తాను, నువ్వూ చేసి చూడు. నేనూ పాపినే అని ఊరికే అనుకుంటే మనసు కదలదు. ఎవరు, ఏ రోజు, ఏ తప్పుకు నన్ను ఏమీ అనకుండా వదిలేశారో ఒక్కటి గుర్తు చేసుకోవాలి. నీ డిగ్రీ పరీక్ష రోజు కాజీపేట బస్సులో ఒక ముసలాయన లేచి నీకు సీటిచ్చాడని నువ్వే చెప్పావు కదా, అక్కడి నుంచి మొదలుపెట్టు. బండి పంక్చరైన ప్రతిసారీ అందులో దేవుని సందేశం ఏమిటా అని వెతకాల్సిన పని లేదు, టైరులో మేకు దిగింది, అంతే.

ఇంకో మాట. కృప పేరు చెప్పి నోరు మూసుకోకు. అదే 18వ అధ్యాయంలో, ఈ కథ కంటే ముందే, సహోదరుడు తప్పు చేస్తే ఒంటరిగా పోయి చెప్పమని ప్రభువు అన్నాడు. ఎవరైనా నీ మీద చెయ్యెత్తితే, నీ జీతం ఎగ్గొడితే అది చిరాకు కాదు, అన్యాయం. అలాంటిది ఏదున్నా దాచకుండా వెంటనే నాకు ఫోన్ చెయ్యి.

నేను సాయంత్రం పోయి మోటరు సంగతి నెమ్మదిగా చెప్పాను. ఆమె ముందు ఒప్పుకోలేదు, కీచులాడింది కూడా. ఇప్పుడు నేను రెండు బిందెలు పట్టుకున్నాక వేస్తున్నది, కొన్ని రోజులు మరిచిపోతుంది. మరిచిన రోజు గోడ మీదుగా పిలుస్తాను.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి రా. ఆ కారంలో కొంచెం నీకు తీసి పెట్టాను.