జువెనల్ 6వ సటైర్‌లో ‘ఓ 31’ పంక్తి దొరకడం లేదంటే

రోమన్ కవి జువెనల్ వ్యంగ్య కవిత (సటైర్) గురించి మీరు చదివిన వ్యాసం ‘ఓ 31’ పంక్తి చూడమంది, మీ పీడీఎఫ్‌లో అది కనిపించలేదు. అందులో పేజీలేం పోలేదు. అది 1899కి ముందటి పాఠం అయ్యుంటుంది. ‘ఓ’ (ఆక్స్‌ఫర్డ్) గుర్తున్న 34 పంక్తులు ఆ ఏడాదే ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీ రాతప్రతిలో బయటపడ్డాయి. కనిపెట్టింది విన్‌స్టెట్ అనే విద్యార్థి.

1. 365వ పంక్తి తీయండి. వెంటనే 366 వస్తే మీది పాత పాఠమే. కొత్త ముద్రణల్లో ఈ రెండింటి మధ్య ఓ 1 నుంచి ఓ 34 వరకు ఉంటాయి. అవి మామూలు లెక్కలో కలవవు. 373 తర్వాత మరో రెండు పంక్తులు కూడా ఆ రాతప్రతివే.

2. చాలామంది తప్పేది ఇక్కడే: అట్ట మీది సంవత్సరం నమ్మకండి. గిఫర్డ్ ఇంగ్లీషు అనువాదాన్ని నిన్న యథాతథంగా అచ్చేసినా లోపల ఉండేది 1802 నాటి పాఠమే. ముందుమాట కింద తేదీ చూడండి.

3. ‘క్విస్ కుస్టోడియెట్’ అని వెతికితే 347 దగ్గర దొరుకుతుంది. అక్కడ ఆగిపోకండి. కాపలావాళ్ళకు కాపలా ఎవరన్న ఆ ప్రశ్నే ఓ 31–32లోనూ ఉంది. మీరు చదివిన వ్యాసం చెబుతున్నది ఈ ఓ పంక్తుల గురించే. కొందరు సంపాదకులు 346–348ని బ్రాకెట్లలో పెట్టేది ఈ పునరుక్తి వల్లే.

4. డ్రైడెన్ ఇంగ్లీషు అనువాదం (1693) జోలికి పోవద్దు. చదవడానికి హాయిగా ఉంటుంది గానీ, ఆ ద్విపదల పంక్తి సంఖ్యలు లాటిన్‌తో కలవవు.

లాటిన్ ఒక్కటే చాలంటే క్లౌసెన్ సంపాదకత్వంలోని ఆక్స్‌ఫర్డ్ పాఠం (1959, సవరణ 1992). పక్కన ఇంగ్లీషు కూడా కావాలంటే లోబ్ అనే ద్విభాషా సిరీస్‌లో సుసానా మోర్టన్ బ్రాండ్ అనువాదం (2004).