ముందు ఒక డ్రమ్ము కొను

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. రాత్రి నువ్వు ఫోన్లో చెప్పింది విన్నాక నిద్ర పట్టలేదు. సంక్రాంతికి ఊరెళ్లి పది రోజులకు హైదరాబాదు తిరిగి వచ్చావు. చేపల ట్యాంకులో నీళ్లు పచ్చబడ్డాయని ముప్పావు వంతు తోడేసి కొత్తవి నింపావు. గంట తిరిగేసరికి డిస్కస్ చేపలన్నీ నల్లబడి, ఒంటి మీద నిలువు చారలు తేలి, ఒక మూలకు చేరి రొప్పాయి. మర్నాటికి ఒకటి పోయింది.

నీళ్లు మార్చడమే పొరపాటయిందని బాధపడుతున్నావు. మార్చడం తప్పు కాదు నాయనా. తీసిన నీళ్లకూ పోసిన నీళ్లకూ పొంతన లేకపోయింది.

మొదట ఆర్‌ఓ నీళ్లు నింపావు కదా, వాటిలో లవణాలు దాదాపు ఉండవు. నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె పీహెచ్, ఏడుకు దిగువన ఆమ్లం; దాన్ని నిలబెట్టే కార్బొనేట్లు కూడా ఉండవు. నువ్వు లేనప్పుడు పక్కింటి అబ్బాయి ప్రేమగా రోజూ గుప్పెడు మేత వేశాడు. చేపల మొప్పల నుంచి, కుళ్లిన మేత నుంచి అమోనియా వస్తుంది. ఫిల్టరులోని బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తున్న కొద్దీ నీళ్లు ఆమ్లంగా మారతాయి. పీహెచ్ 6 దాపులకు పడితే ఆ బ్యాక్టీరియా పని మందగించి అమోనియా పేరుకుపోతుంది. అయితే ఆమ్లపు నీటిలో అది అమోనియంగా ఉంటుంది కాబట్టి చేపలకు పెద్దగా హాని చేయదు. అప్పుడు నువ్వు పోసినవి బోరు నీళ్లు, పీహెచ్ 8 అని నువ్వే చెప్పావు. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే విషపు అమోనియా సుమారు పది రెట్లవుతుంది. దానికి తోడు జనవరి పొద్దున మేడ మీది ట్యాంకులోంచి వచ్చిన చల్లటి నీళ్లు. 29 డిగ్రీలకు అలవాటు పడిన ప్రాణాలు తట్టుకోలేకపోయాయి.

మిగిలిన ఐదింటికీ రెండు రోజులు మేత ఆపు. ఎయిర్ పంపు ఇంకొకటి పెట్టు. అమోనియాను కూడా నిర్వీర్యం చేసే క్లోరిన్ విరుగుడు దొరుకుతుంది, సీసా మీద ఆ మాట ఉందో లేదో చూసి కొను. రోజుకు పది, పదిహేను శాతం నీళ్లే మార్చు, అదీ వేడి సరిచూసి. పీహెచ్ తగ్గించే మందుల జోలికి మాత్రం పోకు. అంకె ఎంత ఉన్నదన్న దానికంటే అది ఊగడమే చేపను ఎక్కువ కుంగదీస్తుంది.

ఆర్‌ఓ నీళ్లు ఎందుకు పోశావో నాకు తెలుసు. డిస్కస్ అమెజాన్ చేప, రియో నీగ్రో వంటి నదుల్లో నీళ్లు చాలా మెత్తగా, అంటే లవణాలు తక్కువగా, ఆమ్లంగా ఉంటాయని చదివావు. అది నిజమే. కానీ నీవి చెన్నై కొళత్తూరు తొట్లలో పెరిగిన పిల్లలు. గుడ్లు పెట్టించాలనుకున్నప్పుడు మెత్తటి నీళ్ల సంగతి చూద్దాం. పెంచడానికి ఏడున్నర పీహెచ్ నీళ్లయినా చాలు, రోజూ అవే నీళ్లు అయి ఉండాలి.

అందుకే డ్రమ్ము. నీ నాలుగడుగుల ట్యాంకు సుమారు 250 లీటర్లు. మూత ఉన్న వంద లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి, అందులో బుడగలు వదిలే ఎయిర్ స్టోన్, ఒక హీటర్. రేపు పోయాల్సిన నీళ్లు ఈరోజే పట్టి పెట్టు. బోరు నీటిలో కరిగి ఉన్న బొగ్గుపులుసు గాలి రాత్రంతా బుడగలు పోతే వెళ్లిపోయి పీహెచ్ అసలు అంకె దగ్గర నిలబడుతుంది. కుళాయి నీళ్లయితే క్లోరిన్ కూడా పోతుంది. క్లోరిన్‌కు అమోనియా కలిపిన క్లోరమైన్ ఉంటే నిలవ ఉంచినా పోదు, విరుగుడు వేయాల్సిందే. ఒక వేసవిలో ట్యాంకర్ నీళ్లు నేరుగా పోసి నేను ఎనిమిది చేపలను పోగొట్టుకున్నాను. ఎనిమిదీ ఒకే రాత్రి పోయాయి. అప్పటి నుంచి డ్రమ్ములో ఒక రాత్రి నిలవని నీళ్లు నా ట్యాంకులోకి వెళ్లలేదు.

రెండు మూడు అంగుళాల పిల్లలకు రోజుకు నాలుగైదు సార్లు మేత కావాలి కాబట్టి రోజూ మూడో వంతు నీళ్లు మార్చాలి. పెద్దవయ్యాక వారానికి రెండు మూడు సార్లు సరిపోతుంది. తోడే ముందు హీటర్ ఆపడం మరిచిపోకు, నీళ్లు దిగి బయటపడితే గాజు పగులుతుంది. లోపలి అద్దాన్ని వేలితో రాసి చూడు, జారుడుగా జిగురు తగులుతుంది. దాన్ని మెత్తటి స్పాంజితో తుడిచి, అడుగుకు దిగిన మురికిని సైఫన్ పైపుతో లాగెయ్. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగవద్దు, తోడిన నీళ్లలోనే రెండు సార్లు పిండు. కొత్త నీళ్లు పోసేటప్పుడు చెయ్యి ముంచి చూస్తే చాలదు, థర్మామీటరు పెట్టు.

పరీక్ష కిట్‌లో అమోనియా, నైట్రైట్ సున్నా చూపాలి. నైట్రేట్ 20 పీపీఎం (లీటరుకు 20 మిల్లీగ్రాములు) లోపు ఉండనీ. డ్రమ్ము నీళ్లకూ ఓసారి ఆ పరీక్ష చెయ్యి, బోరులోనే నైట్రేట్ ఉంటే ఎన్నిసార్లు మార్చినా తగ్గదు. ఈసారి ఊరెళ్లేటప్పుడు ముందు రోజు నీళ్లు మార్చి, మేత రోజువారీ చిన్న పొట్లాలు కట్టి పక్కింటి అబ్బాయికి ఇవ్వు. డబ్బా మాత్రం దాచి వెళ్లు.

ఆదివారం ఫోన్ చేసి ట్యాంకు అంకెలు, డ్రమ్ము అంకెలు విడివిడిగా చెప్పు. ఆ ఐదూ తిండికి ముందుకు వస్తున్నాయో లేదో కూడా చెప్పు.

మీ మామయ్య